తీగ నిండాక డిస్కుకి క్యాష్ ఎందుకు: పది నోడ్ల క్లస్టర్‌కి ఫైల్ సర్వర్ పెట్టిన కేసు

నెల్లూరు జిల్లా తీరంలో రొయ్యల జబ్బుల మీద పనిచేసే ఒక చిన్న పరిశోధన బృందం కేసు ఇది. ఊరు, సంస్థ, మనుషులు ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను. యంత్రాల సైజులు, లెక్కలు మాత్రం వదల్లేదు, ఎందుకంటే పాఠమంతా ఆ లెక్కల్లోనే ఉంది. ఫైల్ సర్వర్ నెమ్మదిగా ఉందంటే చాలు, "ఒక ఎస్‌ఎస్‌డీ క్యాష్ పెట్టేయండి" అనే సలహా ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా వినిపిస్తోంది. క్యాష్ అంటే తరచూ అడిగే డేటా కాపీని దగ్గర్లో వేగమైన చోట దాచుకోవడం, ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు. ఇక్కడ కూడా ఆ సలహా పాటించారు. స్పీడ్ పెరగలేదు సరికదా, ఒక సీజన్ పనిలో కొంత భాగం పోయింది.

నేపథ్యం

మన తీరం పొడవునా హేచరీలు, రొయ్యల చెరువులే. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక సాగు ఇంకా పెరిగింది, దాంతోపాటు తెల్లమచ్చల వైరస్, ఈహెచ్‌పీ (రొయ్యను ఎదగనివ్వని పరాన్నజీవి) లాంటి జబ్బుల భయమూ పెరిగింది. ఈ బృందం చెరువుల నుంచి శాంపిల్స్ తెచ్చి, సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదవడం) బయట చేయించి, వచ్చిన ఫైళ్ళను తమ క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) మీద విశ్లేషిస్తుంది. శాంపిల్‌లో ఉండే డీఎన్‌ఏలో ఎక్కువ భాగం రొయ్యదే. వనామీ జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ, సుమారు 166 కోట్ల అక్షరాలు, తెల్లమచ్చల వైరస్‌ది 3 లక్షలు. ముందు రొయ్యను తీసేసి, మిగిలిన ముక్కలు ఏ సూక్ష్మజీవివో తెలిసిన జీనోములన్నిటితో పోల్చి చూడాలి. ఆ పోలికకు వాడే డేటాబేస్ ఇండెక్స్ 60 జీబీ. ప్రతి జాబూ, అంటే క్లస్టర్‌కి అప్పగించే ఒక్కో పనీ, దాన్ని చదవాల్సిందే.

క్లస్టర్‌లో పది నోడ్లు, అంటే విడి కంప్యూటర్లు, ఉన్నాయి. ఒక్కోదానికి 64 జీబీ ర్యామ్, ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ. అందరికీ కలిపి ఒక ఫైల్ సర్వర్, అందులో ఎనిమిది 4 టీబీ హార్డ్ డిస్కులు రెయిడ్ 6లో. అంటే రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది, వాడుకోవడానికి 24 టీబీ దొరుకుతుంది. సర్వర్ ర్యామ్ 32 జీబీ. మధ్యలో ఒక గిగాబిట్ స్విచ్. హోమ్ డైరెక్టరీలు, డేటా, సాఫ్ట్‌వేర్ అన్నీ ఎన్‌ఎఫ్‌ఎస్ (సర్వర్‌లోని ఫైళ్ళను నెట్‌వర్క్ ద్వారా నోడ్లకి అందించే పద్ధతి) మీదనే. జాబులు నోడ్లకి పంచడానికి స్లర్మ్ అనే ప్రోగ్రామ్. కొత్తగా మొదలుపెట్టే ల్యాబ్‌కి ఇది తప్పుడు డిజైన్ కాదు. నేనైనా ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

సమస్య ఎలా వచ్చింది

బృందాన్ని నడిపే మేడమ్ ఫోన్‌లో చెప్పిన మాట ఇది: "ఒక నోడ్ మీద పెడితే జాబ్ బాగానే పోతుంది. పది నోడ్ల మీద పెడితే అన్నీ ఆగిపోయినట్టే ఉంటాయి. అసలు పది కొన్నది ఎందుకు?" వాళ్ళ రీసెర్చ్ స్కాలర్ ఇంకో మాట కలిపాడు: "లాగిన్ అయ్యి ఫోల్డర్‌లో ఏముందో చూద్దామంటే కూడా స్క్రీన్ ఆడే నిలబడిపోద్ది సార్."

నేను వెళ్ళేలోపు మూడు ప్రయత్నాలు జరిగాయి. వాటిని వివరంగా అడిగి రాసుకున్నాను, ఎందుకంటే ఒక వైద్యం ఎందుకు పనిచేయలేదో తెలిస్తే జబ్బు సగం తెలిసినట్టే.

మొదట విద్యార్థులే డేటాబేస్‌ను ప్రతి నోడ్ ఎస్‌ఎస్‌డీలోకీ కాపీ చేసుకున్నారు. అది బాగా పనిచేసింది కూడా. కొన్నాళ్ళకి డేటాబేస్ కొత్త వెర్షన్ వచ్చింది, కొన్ని నోడ్ల మీద మార్చారు, కొన్నిటి మీద మర్చిపోయారు. ఒకే శాంపిల్‌ను రెండుసార్లు నడిపితే రెండు రకాల ఫలితాలు వచ్చాయి, ఏ నోడ్ మీద పడిందన్న దాన్ని బట్టి. పరిశోధనలో ఇది నెమ్మదితనం కంటే చాలా ప్రమాదం. జాబ్ ఆలస్యమైతే అందరికీ కనిపిస్తుంది. తప్పు ఫలితం అలా కనిపించదు, నేరుగా రిపోర్టులోకి పోతుంది. మేడమ్ వెంటనే ఆపించారు, సరైన నిర్ణయం.

రెండో ప్రయత్నం యంత్రాలు అమ్మిన సప్లయర్ చేసింది. సర్వర్‌లో 1 టీబీ మామూలు ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) ఒకటి పెట్టి, బీక్యాష్ అనే లైనక్స్ క్యాష్ సాఫ్ట్‌వేర్‌తో రెయిడ్ ముందు నిలబెట్టారు, అదీ రైట్‌బ్యాక్ పద్ధతిలో. అంటే రాసిన డేటా ముందు ఎన్‌వీఎంఈలో పడుతుంది, హార్డ్ డిస్కులకి తీరిగ్గా చేరుతుంది. పెద్ద ఇండెక్స్ చదవడంలో ఏ తేడా రాలేదు కానీ, రాయడం వేగంగా కనిపించింది.

మూడోది, ఇంకొంచెం స్పీడ్ కోసం ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్‌ను సింక్ (డేటా డిస్కులో పడ్డాకే సరే అనడం) నుంచి అసింక్‌కి (పడకముందే సరే అనడం) మార్చారు. నిజంగానే ఇంకా వేగం వచ్చింది. తర్వాత ఈశాన్య రుతుపవనాల వానల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే అయిపోయి ఉంది. పొద్దున్నే చూస్తే స్లర్మ్ "పూర్తయింది" అని చూపిస్తున్న జాబుల ఫలితాల ఫైళ్ళలో కొన్ని సున్నా బైట్లు, కొన్ని సగం సగం.

నన్ను పిలిచింది స్పీడ్ కోసం. నేను మాత్రం ముందు అసింక్ తీసేసి సింక్ పెట్టించాను, బీక్యాష్‌లో ఇంకా డిస్కులకి చేరని డేటా అంతా దించి రైట్‌త్రూకి, అంటే రాసింది అప్పటికప్పుడే హార్డ్ డిస్కులకి చేరే పద్ధతికి, మార్చాను. జాబులు ఇంకా నెమ్మదించాయి. అందరికీ ముందే చెప్పాను, కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందని. డేటా నిలుస్తుందన్న నమ్మకం లేని సర్వర్ మీద వేగం కొలవడంలో అర్థం లేదు.

అసింక్ ఎందుకంత ప్రమాదమో ఒకసారి చెప్పాలి, చాలామంది దాన్ని ఉత్త ట్యూనింగ్ ఆప్షన్ అనుకుంటారు. ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 3 నుంచి క్లయింట్, అంటే నోడ్, దగ్గర మంచి రక్షణ ఒకటి ఉంది. తను పంపిన డేటా గట్టి డిస్కులో పడిందని సర్వర్ "కమిట్" జవాబు ఇచ్చేదాకా క్లయింట్ తన కాపీని వదిలిపెట్టదు. సర్వర్ ప్రతి జవాబులోనూ ఒక గుర్తు పంపుతుంది. సర్వర్ రీబూట్ అయితే ఆ గుర్తు మారుతుంది, క్లయింట్ అది చూసి కమిట్ కాని డేటాను మళ్ళీ పంపుతుంది. కరెంటు పోయినా సర్వర్ తిరిగి లేవగానే జాబ్ ఏమీ జరగనట్టు కొనసాగడం ఈ ఏర్పాటు వల్లే. అసింక్ పెడితే డేటా ఇంకా ర్యామ్‌లో ఉండగానే సర్వర్ "పడింది" అని చెప్పేస్తుంది. క్లయింట్ నమ్మి తన కాపీ వదిలేస్తుంది. ఆ తర్వాత కరెంటు పోతే డేటా ఇద్దరి దగ్గరా ఉండదు.

కొలతలు

క్యాష్ ఎక్కడ పెట్టాలనే ప్రశ్నకు ముందు, ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో తెలియాలి. నోడ్ల మీద ఎన్‌ఎఫ్‌ఎస్ ఐఓస్టాట్, సర్వర్ మీద డిస్కుల ఐఓస్టాట్ (చదవడం, రాయడం ఎంత జరుగుతోందో చూపే సాధనాలు), నెట్‌వర్క్ కార్డు లెక్కలు ఒకేసారి నడిపి, వాళ్ళ మామూలు పనిని మామూలుగానే చేసుకోమన్నాను. బెంచ్‌మార్క్ ప్రోగ్రామ్ ఏదీ వాడలేదు. బెంచ్‌మార్క్ తనకు తోచిన పని చేస్తుంది, వీళ్ళ పని చేయదు.

బయటపడింది ఒక జబ్బు కాదు, మూడు. మూడింటికీ పైకి కనిపించే లక్షణం ఒక్కటే కావడం వల్ల ఇన్నాళ్ళూ ఒకే మందు వేస్తూ వచ్చారు.

జాబుల వరుస మొదలైనప్పుడు సర్వర్ నెట్‌వర్క్ కార్డు సెకనుకు 112 ఎంబీ దగ్గర బిగుసుకుపోయేది. గిగాబిట్ తీగలో అంతకు మించి పెద్దగా పోదు. ఆ సమయంలో డిస్కులు సగం కూడా బిజీగా లేవు. ఇక్కడ సర్వర్ లోపల ఎంత వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా ఉపయోగం లేదు, డిస్కు సిద్ధంగానే ఉంది, తీగే నిండిపోయింది. కాగితం మీద వేసి చూపించాను. 60 జీబీని సెకనుకు 110 ఎంబీ చొప్పున తేవాలంటే ఒక నోడ్‌కి సుమారు తొమ్మిది నిమిషాలు. పది నోడ్లూ ఒకే తీగ నుంచి ఒకేసారి తాగితే గంటన్నర. మేడమ్ అడిగిన ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. పది నోడ్లు కొనడం దండగ కాదు, పదింటికీ ఒకే గొట్టం పెట్టడమే ఇబ్బంది.

పొద్దున వేళ బొమ్మ పూర్తిగా వేరు. నెట్‌వర్క్ మీద సెకనుకు అయిదారు ఎంబీ కూడా లేదు, డిస్కులు మాత్రం నూటికి నూరు శాతం బిజీ. విద్యార్థులు పైథాన్ ప్రోగ్రాములు మొదలుపెడుతున్నారు. వాళ్ళ కోండా ఎన్విరాన్‌మెంట్లు (ఒక్కో పనికి కావాల్సిన ప్యాకేజీల సెట్లు) హోమ్ డైరెక్టరీలో ఉన్నాయి, ఒక్కోదాంట్లో పదులవేల చిన్న ఫైళ్ళు. ఒక ప్రోగ్రామ్ లేవాలంటే వేలసార్లు "ఈ ఫైల్ ఉందా, ఎప్పుడు మారింది" అని సర్వర్‌ని అడగాలి. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు సుమారు వంద యాదృచ్ఛిక రీడ్ల దగ్గరే ఆగిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ లెక్కల్లో నిజమైన రీడ్‌ల కంటే ఈ విచారణలే ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నాయి. స్క్రీన్ నిలబడిపోవడానికి కారణం ఇదే.

జాబులు చివరికొచ్చేసరికి మూడో రకం. ప్రతి జాబూ మధ్యంతర ఫైళ్ళు వందల్లో సృష్టించి, చెరిపేస్తుంది. సింక్ మీద ఒక్కో చిన్న ఫైల్‌కీ తిరిగే డిస్కుల దాకా వెళ్ళి రావాలి, రెయిడ్ 6లో చిన్న రైట్‌కి పారిటీ (పోయిన డిస్కును తిరిగి కట్టడానికి దాచే అదనపు డేటా) లెక్కల కోసం అదనపు రీడ్లు, రైట్లు కూడా పడతాయి.

వీటి మధ్యలో ఇంకొకటి దొరికింది. పది నోడ్లలో ఒకటి ఎప్పుడూ వెనకబడేది, దాన్ని "సుస్తీ నోడ్" అని పిలిచేవారు. లింక్ స్పీడ్ చూస్తే 100 మెగాబిట్. కేబుల్ తీసి టార్చ్ వేసి చూస్తే చివర పిన్నుల్లో రెండింటి మీద పచ్చటి చిలుము. సముద్రం దగ్గర, కిటికీ పక్కన ర్యాక్, ఉప్పుగాలి. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు. 100 మెగాబిట్‌కి అక్కర్లేని జత చెడితే లింక్ తెగిపోదు, చప్పుడు లేకుండా పదో వంతు వేగానికి దిగిపోతుంది. ఆ నోడ్ ఒక్కటే నడిచినా ఇండెక్స్ చదవడానికి గంటన్నర పట్టేది. కేబుల్ మార్చాం, మిగతావన్నీ కూడా మార్పించాం, ర్యాక్‌ను కిటికీ దగ్గర నుంచి జరిపించాం. తీరప్రాంతంలో ఏ క్లస్టర్‌కి వెళ్ళినా ఇప్పుడు నేను ముందు ప్రతి పోర్ట్ లింక్ స్పీడ్ చూస్తాను.

ప్రయత్నించి వదిలేసినవి

ఎన్‌వీఎంఈ ఎలాగూ ఉంది కాబట్టి, దాన్ని చదవడానికి మాత్రమే క్యాష్‌గా ఉంచితే ఎంత లాభమో కొలిచాం. ఇండెక్స్ ఎన్నిసార్లు చదివినా క్యాష్‌లో దాని జాడే లేదు. కారణం బీక్యాష్ స్వభావం. వరుసగా 4 ఎంబీ దాటి చదివే దేన్నయినా అది క్యాష్ చేయకుండా పక్కనుంచి పంపేస్తుంది. హార్డ్ డిస్కులు వరుస రీడ్లు బాగానే చేస్తాయి, ఎస్‌ఎస్‌డీని వాటితో నింపడం ఎందుకన్నది దాని ఆలోచన. ఆ హద్దు తీసేసి చూశాం. ఇండెక్స్ క్యాష్‌లోకి వచ్చింది, జాబు టైం మాత్రం మారలేదు, ఎందుకంటే తీగ అలాగే ఉంది. ఇది ముందే ఊహించగలిగినదే. అయినా కొలిచి చూపించడం అవసరమైంది, ఎందుకంటే ఇంకో పెద్ద ఎస్‌ఎస్‌డీ కొనమనే కొటేషన్ అప్పటికే టేబుల్ మీద ఉంది.

తర్వాత చిన్న ఫైళ్ళ విచారణలు తగ్గించడానికి, నోడ్ల మీద అట్రిబ్యూట్ క్యాష్ కాలం పది నిమిషాలకు పెంచి చూశాం. మామూలుగా ఒక ఫైల్ వివరాలను క్లయింట్ 3 నుంచి 60 సెకన్ల దాకా గుర్తుపెట్టుకుంటుంది. కాలం పెంచగానే ప్రోగ్రాములు చకచకా లేచాయి, అందరూ సంతోషించారు. సాయంత్రానికి వేరే తలనొప్పి: ఒక నోడ్ ఫలితం రాసింది, దాన్ని కలిపే జాబ్ ఇంకో నోడ్ మీద మొదలై "అలాంటి ఫైల్ లేదు" అని చచ్చిపోయింది. రెండో నోడ్ ఆ ఫోల్డర్‌ను అంతకు ముందే చూసి, ఆ పేరు లేదని గుర్తుపెట్టుకుంది. పది నిమిషాలు ఆ గుర్తునే నమ్మింది. ఎన్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే హామీ ఒక్కటే: ఒకరు ఫైల్ మూసిన తర్వాత ఇంకొకరు తెరిస్తే కొత్తది కనిపిస్తుంది. ఫైల్ అసలు ఉందో లేదో అనే విషయం ఆ హామీలోకి పూర్తిగా రాదు. కాబట్టి పని జరిగే డేటా ఫోల్డర్లకు కాలం మామూలుకి తెచ్చి, "లేదు" అన్న జవాబులను గుర్తుపెట్టుకోవద్దని మౌంట్‌లో, అంటే సర్వర్ ఫోల్డర్‌ను నోడ్‌కి తగిలించే సెట్టింగ్‌లో, చెప్పాం. ఎప్పుడూ మారని సాఫ్ట్‌వేర్ చెట్టును మాత్రం చదవడానికే మౌంట్ చేసి, దానికి పెద్ద కాలం ఉంచాం.

సమాంతర ఫైల్ సిస్టమ్ (ఫైళ్ళను చాలా సర్వర్ల మీద పరిచేది) పెడదామా అని కూడా చర్చ వచ్చింది. లస్టర్ గానీ బీజీఎఫ్‌ఎస్ గానీ మంచివే. ఇక్కడ సిస్టమ్ చూసుకునేది ఒక ల్యాబ్ అసిస్టెంట్, అదీ మిగతా పనుల మధ్యలో. నేను వెళ్ళిపోయాక ఆయన ఒక్కరే సరిచేసుకోగలిగినదే పెట్టాలని నేను పట్టుబట్టాను.

పనిచేసిన ఏర్పాటు

ముందు తీగ. ఉన్న స్విచ్‌లోనే రెండు 10 గిగాబిట్ పోర్టులు ఉన్నాయి, కొన్నప్పటి నుంచి రబ్బరు మూతలు కూడా తీయలేదు. సర్వర్‌కి ఒక 10 గిగాబిట్ కార్డు, ఒక పొట్టి రాగి కేబుల్ కొన్నాం. నోడ్లు గిగాబిట్‌లోనే ఉన్నాయి. పది నోడ్లూ తలో గిగాబిట్ లాగినా సర్వర్ వైపు సరిపోతుంది. ఈ మొత్తం పనిలో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

తీగ పెద్దదైతే దాన్ని నింపే బాధ్యత సర్వర్ మీద పడుతుంది. సెకనుకు 1 జీబీకి పైగా, పది మంది వేర్వేరు చోట్ల నుంచి చదువుతుంటే ఎనిమిది హార్డ్ డిస్కులు అందించలేవు. తల ఒకచోట నుంచి ఇంకోచోటికి పరిగెత్తడంతోనే సరిపోతుంది. కాబట్టి ర్యామ్ 128 జీబీ చేశాం. అందరూ చదివే 60 జీబీ ఇండెక్స్ ఒక్కసారి డిస్కు నుంచి పైకొస్తే, ఆ తర్వాత అందరికీ ర్యామ్ నుంచే పోవాలి. ఎస్‌ఎస్‌డీ క్యాష్ గురించి ఆలోచించే ముందు ర్యామ్ నింపడం ఎప్పుడూ మంచిది. ఎన్‌ఎఫ్‌ఎస్ సేవ చేసే త్రెడ్లు (ఒకేసారి జవాబిచ్చే పనివాళ్ళ లాంటివి) 8 మాత్రమే ఉన్నాయి, 64 చేశాం.

ఈ దశలోనే డిస్కులను జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కి మార్చాలని నిర్ణయించాం. స్పీడ్ కోసం కాదు. కరెంటు పోయిన రాత్రి తర్వాత ఏ ఫైళ్ళు చెడ్డాయో వాళ్ళ దగ్గర చెప్పే సాధనమే లేదు, తెరిచి చూస్తే తప్ప. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ (డేటా మారితే పట్టిచ్చే అంకె) ఉంచుతుంది, స్క్రబ్ (అన్నిటినీ చదివి సరిచూడటం) నడిపితే డిస్కు మీద పాడైనవాటి పేర్లు చెబుతుంది. ఉన్న డేటా బయటి డిస్కులకి రెండు కాపీలు తీసి, చెక్‌సమ్‌లు సరిచూసుకున్నాకే పాత రెయిడ్ విప్పాం. ఎనిమిది డిస్కులూ రెయిడ్-జెడ్2లో పెట్టాం, రెండు డిస్కులు పోయినా తట్టుకునే పాత హామీ అలాగే ఉంది. లైనక్స్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ తన ర్యామ్ క్యాష్‌ను చాలా వెర్షన్లలో సగం ర్యామ్ దగ్గరే ఆపేస్తుంది. అంటే 64 జీబీ. ఇండెక్స్ పడితే మిగతా దేనికీ చోటుండదు. ఈ సర్వర్‌కి వేరే పనేమీ లేదు కాబట్టి హద్దును 100 జీబీకి పెంచాం. పెద్ద ఫైళ్ళ డేటాసెట్‌కి రికార్డ్ సైజు (ఒక్కో ముక్క సైజు) 128 కేబీ నుంచి 1 ఎంబీ చేశాం.

పాత ఎన్‌వీఎంఈని పారేయలేదు, దాని ఉద్యోగం మార్చాం. రాసే డేటాను మోసే పని నుంచి తీసేసి, చదవడానికి రెండో మెట్టు క్యాష్‌గా, అదీ మెటాడేటాకి (ఫైళ్ళ పేర్లు, సైజులు, తేదీల లాంటి వివరాలకి) మాత్రమే పెట్టాం. ఇక్కడ అది చచ్చిపోయినా పోయేది కాస్త వేగమే, అసలు కాపీ డిస్కుల మీద ఉంటుంది. మామూలు ఎస్‌ఎస్‌డీలో, కరెంటు పోయినప్పుడు దాని లోపలి ర్యామ్‌లో ఉన్నదాన్ని చిప్పుల మీదకి దించేందుకు కెపాసిటర్లు ఉండవు. అలాంటిదాని మీద ఒకే ఒక్క కాపీ ఎప్పుడూ ఉంచకూడదు. రైట్ల కోసం కెపాసిటర్లున్న ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలు చిన్నవి రెండు కొని, అద్దంలా జత చేసి లాగ్ పరికరంగా, అంటే సర్వర్ ఒప్పుకున్న రైట్ల చిట్టాగా, పెట్టాం. ఇది పెద్దది అక్కర్లేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ సుమారు 5 సెకన్లకోసారి ర్యామ్‌లోని రైట్లను డిస్కులకి దించుతుంది. తీగ పూర్తిగా నిండినా ఆ వ్యవధిలో వచ్చేది 5, 6 జీబీ. 20 జీబీ వాటా ఇచ్చాం. చాలామంది దీన్ని రైట్ క్యాష్ అనుకుంటారు. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ చదవరు కూడా. కరెంటు పోయి లేచినప్పుడు, ఒప్పుకున్న మాట నిలబెట్టుకోవడానికి మాత్రమే చదువుతారు.

ఇక నోడ్ల వైపు. తీగ వెడల్పయినా ప్రతి జాబుకీ తొమ్మిది నిమిషాలు ఇండెక్స్ తేవడానికే పోతాయి, నోడ్ ర్యామ్ 64 జీబీలో జాబుకే చోటు కావాలి కాబట్టి 60 జీబీ అక్కడ నిలవదు. అందుకే ఎఫ్‌ఎస్-క్యాష్ పెట్టాం. ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి చదివినదాన్ని నోడ్ తన సొంత ఎస్‌ఎస్‌డీలో దాచుకుంటుంది. రెండోసారి చదివేటప్పుడు ఫైల్ మారలేదని సర్వర్‌ని అడిగి తెలుసుకుని, లోపలి కాపీనే వాడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ ఇస్తే ఇండెక్స్ రెండు నిమిషాల్లో చదివేయొచ్చు. విద్యార్థులు మొదట చేతితో చేసిన కాపీ పనే ఇది. తేడా ఏమిటంటే, ఇప్పుడు ఎవరూ ఏదీ మర్చిపోయే అవకాశం లేదు. పాత వెర్షన్ దానంతటదే తప్పుకుంటుంది.

దీనికి కొన్ని జాగ్రత్తలు. ఎఫ్‌ఎస్-క్యాష్ లోపలి అమరికను లైనక్స్ 5.17లో మళ్ళీ కొత్తగా రాశారు, నోడ్ల మీద దానికి ముందు కర్నెల్ (లైనక్స్ మూలభాగం) ఉంటే ముందు అప్‌గ్రేడ్ చేయించాం. క్యాష్‌కి సొంత పార్టిషన్ ఇచ్చాం: 40 జీబీ సిస్టమ్‌కి, 90 జీబీ క్యాష్‌కి, మిగిలింది జాబుల తాత్కాలిక ఫైళ్ళకి. ఖాళీ జాగా 7 శాతానికి తగ్గితే క్యాష్ పాతవాటిని తీసేయడం మొదలుపెడుతుంది, 3 శాతానికి వస్తే కొత్తవి తీసుకోవడం ఆపేస్తుంది. సిస్టమ్ పార్టిషన్‌లోనే కలిపి పెడితే లాగ్ ఫైళ్ళతో డిస్కు నిండినరోజు క్యాష్ చెప్పకుండా పనిమానేస్తుంది, ఎందుకు నెమ్మదించిందో ఎవరికీ అర్థం కాదు. రాయడానికి తెరిచిన ఫైల్‌ను ఇది క్యాష్ చేయదు. కాబట్టి డేటాబేస్ మౌంట్‌కి మాత్రమే పెట్టాం, చదవడానికి మాత్రమే అన్న షరతుతో.

డేటాబేస్ మార్చే పద్ధతి కూడా మార్పించాం. పాత ఫైల్ మీదే కొత్తది కాపీ చేయడం నిషేధం. తేదీ పేరుతో కొత్త ఫోల్డర్, అందులోకి కాపీ, చెక్‌సమ్ చూసుకున్నాక "ప్రస్తుతం" అనే లింక్ దానివైపు తిప్పాలి. నడుస్తున్న జాబ్ పాతదానితోనే ముగుస్తుంది, కొత్త జాబ్ కొత్తదాన్ని తీసుకుంటుంది. ప్రతి ఫలితం ఫైల్‌లోనూ ఆ తేదీ పడేలా స్క్రిప్ట్‌లో రాశాం.

కోండా ఎన్విరాన్‌మెంట్లకి క్యాష్ ఏదీ పెట్టలేదు. ఒక్కోదాన్ని స్క్వాష్‌ఎఫ్‌ఎస్ బొమ్మగా, అంటే ఒకే ఒక్క ఫైల్‌గా కట్టి, నోడ్ మీద మౌంట్ చేయించాం. పదులవేల ఫైళ్ళ విచారణలన్నీ ఇప్పుడు నోడ్ లోపలే జరుగుతాయి, సర్వర్‌కి కనిపించేది ఒక్క పెద్ద ఫైల్. పొద్దున పూట డిస్కుల లెక్క చూస్తే సర్వర్ పని చేస్తోందా అని అనుమానం వచ్చేంత ఖాళీ. విద్యార్థుల నుంచి అభ్యంతరం వచ్చింది, ఒక ప్యాకేజీ చేర్చాలంటే బొమ్మ మళ్ళీ కట్టాలి కదా అని. నిజమే. ప్రయోగాలకు హోమ్‌లో పాత పద్ధతి ఉంచుకోమని, క్లస్టర్ మీదకి పంపేటప్పుడు మాత్రం కట్టిన బొమ్మే వాడాలని ఒప్పందం.

తాత్కాలిక ఫైళ్ళ సంగతి సులువు. జాబ్ మొదలయ్యేటప్పుడు స్లర్మ్ నోడ్ ఎస్‌ఎస్‌డీ మీద దానికో ఫోల్డర్ ఇస్తుంది, ముగిశాక చెరిపేస్తుంది. చివరి ఫలితం మాత్రమే సర్వర్‌కి వస్తుంది.

పరీక్ష

ఏర్పాటు అయ్యాక కరెంటు పరీక్ష చేయాల్సిందే అన్నాను. అసలు డేటా కాపీలు బయటి డిస్కుల్లో భద్రంగా ఉన్నాయి. అన్ని నోడ్ల నుంచీ చిన్న ఫైళ్ళు రాసే స్క్రిప్ట్ ఒకటి నడిపాం, సర్వర్ "సరే" అన్న ప్రతి ఫైల్ పేరూ చెక్‌సమూ నోడ్ తన దగ్గర రాసుకుంటుంది. సర్వర్ వెనక ల్యాబ్ అసిస్టెంట్ నిలబడ్డారు. "నిజంగా పీకేయమంటారా సార్?" అని రెండుసార్లు అడిగి, ప్లగ్ లాగేశారు. ఫ్యాన్లు ఆగాయి, పది నోడ్ల స్క్రీన్ల మీదా రాతలు నిలిచిపోయాయి. తిరిగి ప్లగ్ పెట్టాక సర్వర్ లేచింది, జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల పూల్ తిరిగి ఇంపోర్ట్ అయింది, కాసేపటికి నోడ్లు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి రాయడం మొదలుపెట్టాయి. ఒక్క జాబ్ కూడా చావలేదు. జాబితాలతో సరిపోల్చి చూస్తే సర్వర్ ఒప్పుకున్న ఫైళ్ళన్నీ ఉన్నాయి, చెక్‌సమ్‌లు సరిపోయాయి. ఇదే స్క్రిప్ట్‌ను అసింక్ పెట్టి కూడా నడిపి చూపించాను. లేని ఫైళ్ళ జాబితా స్క్రీన్ దాటిపోయింది. ఆ తర్వాత అసింక్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

యూపీఎస్‌కి కొత్త బ్యాటరీలు వేయించి, యూఎస్‌బీ ద్వారా సర్వర్‌కి కలిపాం. కరెంటు పోయిన కాసేపటికి కొత్త జాబులు ఆగుతాయి, బ్యాటరీ తగ్గితే ముందు నోడ్లు, చివరగా సర్వర్ ఆరిపోతాయి. వరుస ముఖ్యం. సర్వర్ ముందు ఆరితే నోడ్లు దాని కోసం ఎదురుచూస్తూ బ్యాటరీ అంతా తాగేస్తాయి.

ఫలితం, మిగిలినవి

ఖాళీ క్యాష్‌తో పది నోడ్లూ ఒకేసారి మొదలైతే ఇండెక్స్ చదవడానికి ఇప్పుడు పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ పడుతోంది, మునుపటి గంటన్నర బదులు. రెండో జాబు నుంచి రెండు, మూడు నిమిషాలు. డేటాబేస్ మారిన రోజు రాత్రి ప్రతి నోడ్ మీదా ఇండెక్స్‌ను ఒకసారి ఊరికే చదివించే చిన్న జాబ్ పెట్టాం, పొద్దున్నకి క్యాష్ సిద్ధంగా ఉంటుంది. లాగిన్ స్క్రీన్ నిలబడిపోవడం పోయింది.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళు నన్ను అడిగితే ముందు చూడమనేది ఒక్క కొలతే: జాబ్ ఎదురుచూస్తున్న క్షణంలో డిస్కు బిజీగా ఉందా, తీగ బిజీగా ఉందా, రెండూ ఖాళీగా ఉండి ప్రశ్నలు, జవాబుల మధ్యే టైం పోతోందా. మొదటిదైతే క్యాష్ సర్వర్‌లో ఉండాలి. రెండోదైతే నోడ్‌లో ఉండాలి, లేదా తీగ మారాలి. మూడోదైతే క్యాష్ కంటే ముందు ఫైళ్ళ సంఖ్య తగ్గించాలి. రైట్ క్యాష్ సంగతి వేరు, అది వేగం కంటే ముందు హామీకి సంబంధించిన విషయం. కరెంటు ఎలా ఉంది, బ్యాటరీ ఎలా ఉంది, ఎస్‌ఎస్‌డీలో కెపాసిటర్లు ఉన్నాయా అని చూసుకోకుండా దాని జోలికి పోవద్దు.

ఇంకా కొన్ని పనులు మిగిలే ఉన్నాయి. బయటి డిస్కుల కాపీలు అదే భవనంలో ఉన్నాయి, వాటిని వరద నీరు చేరని ఇంకో చోటికి పంపమని చెప్పాను. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు దగ్గర రైలు పట్టాలనే కొట్టుకుపోయింది, నేల అంతస్తులో ఉన్న ర్యాక్ ఏపాటిది. నోడ్ల ఎస్‌ఎస్‌డీల మీద తాత్కాలిక ఫైళ్ళ వల్ల అరుగుదల పెరిగింది, వాటి ఆరోగ్యం లెక్కలను నెలకోసారి చూసి రాసిపెట్టమన్నాను. అక్టోబరు రాకముందే ప్రతి ఏడూ ప్లగ్ పరీక్ష మళ్ళీ చేయాలని క్యాలెండర్‌లో పెట్టించాం. పోయినసారి అది చేసినప్పుడు నేను లేను, ల్యాబ్ అసిస్టెంటే నడిపించి, చెక్‌సమ్‌ల జాబితా పంపారు.